పడ్డవాడు చెడ్డవాడు కాదు, లేస్తేనే!

చెడుగుడు చూసి పెరిగిన కళ్లకు బాస్కెట్‌బాల్లో ఒక సంగతి ఓ పట్టాన మింగుడు పడదు. చెడుగుడులో కూతకెళ్లినవాణ్ణి నలుగురు పట్టి నేలకు అదిమినా, వాడు పాకి, దేకి, చెయ్యి చాపి మధ్యగీత ముట్టుకున్నాడంటే చూసేవాళ్లంతా ఈలలు వేస్తారు. బాస్కెట్‌బాల్లో ఆ ఈల వేసేది రిఫరీ. దొర్లిపోతున్న బంతి మీదికి ఒక పిల్లవాడు దూకుతాడు. మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. అయినా బంతిని వదలకుండా గుండెకు హత్తుకుంటాడు. చప్పట్లు మొదలయ్యేలోపే బంతితో పాటు లేవబోతాడు. అంతే, విజిల్! రిఫరీ రెండు పిడికిళ్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి చూపిస్తాడు. ట్రావెలింగ్. మన గ్రౌండ్లలో పిల్లలు 'స్టెప్స్' అనేది దీన్నే.

"నేను అడుగే వెయ్యలేదు కద్సార్!" అని వాడు మొత్తుకుంటాడు. నిజమే, వాడు ఒక్క అడుగూ వెయ్యలేదు. మరి అడుగుల తప్పు ఎలా పడింది? తిరుపతి దగ్గరి వడమాలపేట వైపు స్కూలు పిల్లలకు వచ్చే ఈ సందేహానికి జవాబు చెప్పాలంటే 130 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. దారిలో కమిలిన కళ్లు, బెర్లిన్ బురద, మద్రాసు కాలేజీ ఒకటి తగులుతాయి.

1891 చలికాలం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు. అక్కడి వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో ఒక తలనొప్పి క్లాసు ఉండేది. 18 మంది విద్యార్థులు, అందరూ ఎదిగిన మగవాళ్లు. బయట మంచు, కాబట్టి ఫుట్‌బాల్ లేదు, బేస్‌బాల్ లేదు. నాలుగు గోడల మధ్య కవాతు, కసరత్తు. వాళ్లకు అది పరమ విసుగు. అంతకుముందే ఇద్దరు మాస్టర్లు ఈ క్లాసు మావల్ల కాదని చేతులెత్తేశారు. ఆ విభాగానికి పెద్ద అయిన లూథర్ గులిక్ ఆ బరువు తెచ్చి 30 ఏళ్ల కెనడా యువకుడు జేమ్స్ నైస్మిత్ నెత్తిన పెట్టాడు. గోడల మధ్య ఆడదగ్గ ఆట ఒకటి తయారు చెయ్యి, గడువు 14 రోజులు అన్నాడు.

నైస్మిత్ కూడా ముందు సులువు దారే పట్టాడు. కొత్త ఆట జోలికి పోకుండా, ఉన్న ఆటల్నే కప్పు కిందికి తెద్దామనుకున్నాడు. అమెరికా ఫుట్‌బాల్‌ను కాస్త మెత్తబరిచి చూశాడు. ఎదుటివాణ్ణి ఎత్తి కుదేయడంలోనే మజా చూసుకున్నవాళ్లకు అది చప్పగా తోచింది. సాకర్ ఆడించాడు, కిటికీ అద్దాలకు ముప్పొచ్చింది. తన దేశపు లాక్రోస్ ఆడించాడు. కర్రలు ఆడాల్సిన చోట మొహాలు, చేతులు దెబ్బలు తిన్నాయి. రోజులు కరిగిపోతున్నాయి. ఆట మాత్రం కుదరడం లేదు.

చివరికి ఆయన ఆటలు ఆడించడం ఆపి, ఆటల గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఫుట్‌బాల్లో దెబ్బలెందుకు తగులుతున్నాయి? ఒకరినొకరు పడేస్తున్నారు కాబట్టి. ఎందుకు పడేస్తున్నారు? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపాలి కాబట్టి. అయితే ఆ పరుగే లేకుండా చేస్తే? బంతి చేతికొచ్చినవాడు అక్కడే నిలబడి మరొకరికి విసరాలి అంటే, వాణ్ణి పడేయాల్సిన పని ఎవరికీ ఉండదు! ఆ క్షణంలో ఆట దొరికిందని ఆయనకు అర్థమైంది. మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి. గోలును నిలువుగా కాక తల పైన అడ్డంగా పెడితే బంతిని బలం కొద్దీ కొట్టరు, వంపు తిప్పి మెల్లగా వేస్తారు. నైస్మిత్ పెట్టెలు అడిగితే, స్కూలు పనులు చూసే స్టెబిన్స్ అవి దొరకలేదని పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటిని 10 అడుగుల ఎత్తున బాల్కనీకి కొట్టారు. ఆ బాల్కనీ 10 అడుగులు ఉంది కాబట్టే రింగు నేటికీ 10 అడుగులు. ఇంకోచోట ఇంకో ఎత్తున ఉండి ఉంటే ఆట ఎలా ఉండేదో!

మొత్తం 13 నియమాలు రాశాడు. మన కథకు కావలసింది మూడోది. బంతితో పరుగెత్తకూడదు, పట్టుకున్న చోటు నుంచే విసరాలి అని చెప్పి, దాని తోకగా ఒక చిన్న సడలింపు చేర్చాడు: మంచి వేగంతో వస్తూ బంతి అందుకున్నవాడు ఆగడానికి ప్రయత్నిస్తుంటే, ఆ కాస్త కదలికనూ తప్పుగా పట్టుకోకూడదు. చూడ్డానికి చిన్న మాటే, కానీ నా మటుకు మొత్తం నియమంలో తెలివంతా ఈ తోకలోనే ఉంది. మనిషి తలచుకుని కదలడం వేరు, వచ్చిన ఊపు వాణ్ణి ఈడ్చుకుపోవడం వేరు. నైస్మిత్ మొదటి రోజే ఈ రెండిటినీ విడదీశాడు. మన పిల్లవాడి కేసు ఎన్నో ఏళ్ల తర్వాత ఈ తోక పట్టుకునే తేలింది.

1891 డిసెంబరు 21న జట్టుకు తొమ్మిది మంది చొప్పున మొదటి ఆట ఆడారు. విలియం చేజ్ దూరం నుంచి వేసిన ఒక్క గోలుతో 1-0గా ముగిసిందని పుస్తకాలు చెబుతాయి. అంతా పద్ధతిగా సాగిపోయినట్టు అనిపిస్తుంది కదా? ఇక్కడే ఒక తిరకాసు ఉంది. 1939లో, చనిపోయే ఏడాది, నైస్మిత్ న్యూయార్క్‌లో ఒక రేడియో కార్యక్రమంలో మాట్లాడాడు. ఆ రికార్డింగు ఎక్కడో మరుగున పడిపోయి 2015లో బయటపడింది. అందులో పెద్దాయన చెప్పిన కథ వేరు. కుర్రాళ్లు బంతి కోసం కలబడ్డారట. తన్నుకున్నారు, గుద్దుకున్నారు, చివరికి జిమ్ మధ్యలో నేల మీద గుంపుగా పడి కొట్టుకున్నారు. విడదీసే లోపల ఒకడు స్పృహ తప్పాడు, కొందరి కళ్లు కమిలాయి, ఒకడి భుజం కీలు తప్పింది. అయినా మళ్లీ ఆడదామని వాళ్లే వెంటపడ్డారట. అప్పుడు ఇంకొన్ని నియమాలు చేర్చాననీ, వాటిలో ముఖ్యమైనది బంతితో పరుగెత్తకూడదన్నదేననీ ఆయన చెప్పాడు.

ఆయన పుస్తకంలో ఈ నియమం బల్ల ముందు కూర్చుని ఆలోచించి రాసినట్టుంది, రేడియోలో దెబ్బలు చూశాక రాసినట్టుంది. అర్ధ శతాబ్దం నాటి జ్ఞాపకం ఎటైనా ఒరగొచ్చు. నాకు మాత్రం రెండోదే ఎక్కువ నమ్మబుద్ధవుతుంది. కొత్త ఆట ఆడే 18 మంది మొదటి రోజే బుద్ధిగా ఆడారంటే ఏ డ్రిల్ మాస్టారూ ఒప్పుకోడు. ఏది నిజమైనా, పరుగు వద్దన్న నియమానికీ, నేల మీది కుమ్ములాటకూ చుట్టరికం మొదటి నుంచీ ఉంది.

నియమం వచ్చింది, ఆటగాళ్లు దానికి సందులు వెతికారు. బంతి చేతిలో ఉంటే కదలకూడదు, సరే. చేతిలో లేకపోతే? ఎవరికీ పాస్ ఇవ్వలేని ఇరకాటంలో పడ్డవాడు బంతిని కావాలనే పక్కకు దొర్లించి, తానే వెళ్లి అందుకునేవాడు. తర్వాత నేలకు కొట్టి పట్టుకోవడం మొదలైంది. 1890ల చివర్లో యేల్ యూనివర్సిటీ జట్టు దీన్ని ఒక కళగా మార్చిందంటారు. డ్రిబ్లింగ్ అలా పుట్టింది, తప్పించుకునే ఎత్తుగా. కొందరికి అది నచ్చలేదు. 1927లో అమెరికా నియమాల కమిటీ డ్రిబుల్‌ను ఒక్క దెబ్బకే పరిమితం చేయబోతే, నైస్మిత్ శిష్యుడు ఫాగ్ అలెన్ కోచ్‌లందర్నీ కూడగట్టి అడ్డుకున్నాడు. ఆ గొడవలోనే అక్కడి కోచ్‌ల సంఘం పుట్టింది.

బంతి చేతిలో ఉన్నవాడు ఒక కాలు కదలకుండా నిలిపి రెండో కాలు ఎటైనా తిప్పుకోవచ్చన్న పద్ధతి కూడా స్థిరపడింది. ఆ నిలిపిన కాలే పివట్. రిఫరీ ఇక మనిషిని వదిలేసి వాడి పాదం చూస్తే చాలు. పాదం లేచి మళ్లీ ఆనిందా, బంతి ఇంకా చేతిలోనే ఉందా, విజిల్. ఎంత తేలిక!

ఆ తేలికంతా మనిషి నిలబడి ఉన్నంతవరకే. తొలినాళ్ల ఆటలో మనుషులు నిలబడే తీరిక తక్కువ. గీత దాటిన బంతిని ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్లదే అని నియమం. దాంతో బంతి గీత దాటితే చాలు, ఇరుజట్లూ దాని మీద పడేవి. బాల్కనీలోకి వెళ్తే మెట్లెక్కి పరుగులు, లేదంటే ఒకడి భుజాల మీద ఇంకొకడెక్కి పైకి పాకడం. ఈ బాధ పడలేక కొన్నిచోట్ల కోర్టు చుట్టూ తీగవల కట్టేశారు. 1913 ప్రాంతంలో గానీ, చివరగా ముట్టినవాడి ఎదుటి జట్టుకు బంతి ఇవ్వాలన్న నియమం రాలేదు. గీత అవతలి కుప్ప అలా విడిపోయింది, గీత ఇవతలి కుప్ప మాత్రం ఉండిపోయింది. బంతి జారితే ఇప్పటికీ ముగ్గురు నలుగురు దాని మీద దూకుతారు. అందులో ఒకడు వెల్లకిలా పడి, బంతి పొట్ట మీద పెట్టుకుని ఉంటాడు. ఇప్పుడు చెప్పండి, వాడి పివట్ కాలు ఏది? రెండు కాళ్లూ గాల్లో ఉన్నాయి. నేలకు ఆనింది వీపు!

ఈ ముడి మీద రకరకాల విప్పుళ్లు ఊహించుకోవచ్చు. నేలకు పాదం తప్ప ఇంకేది తగిలినా తప్పే అంటే, బంతి కోసం ప్రాణం పెట్టి దూకినవాడికి శిక్ష, చూస్తూ నిలబడ్డవాడికి బహుమానం. పోనీ నేల మీద ఉన్నవాడికి ఏ నియమమూ లేదంటే, వాడు బంతిని పొదువుకుని పొర్లుకుంటూ పోతాడు. వాణ్ణి ఆపాలంటే పట్టుకోవాల్సిందే. అంటే నైస్మిత్ ఏ గొడవ వద్దనుకున్నాడో సరిగ్గా దాంట్లోకే ఆట మళ్లీ జారిపోతుంది.

నేల ఆటను ఎంతగా మార్చేస్తుందో లోకమంతా చూసింది 1936లో, బెర్లిన్ ఒలింపిక్స్‌లో. పతకాల ఆటగా బాస్కెట్‌బాల్‌కు అదే తొలి ఒలింపిక్స్. ముసలి నైస్మిత్ స్వయంగా వెళ్లి మొదటి బంతి ఎగరేశాడు. అయితే ఆడించింది ఆరుబయట, మట్టీ ఇసుకా కలిసిన టెన్నిస్ కోర్టుల్లో. ఫైనల్ రోజు కుండపోత వాన. బంతి నేలకు కొడితే పైకి లేవదు, బురదలో దిగబడుతుంది. డ్రిబుల్ లేదు, ఉన్నదల్లా జారడం, పడటం, పాస్ ఇవ్వడం. అమెరికా 19-8తో కెనడాపై గెలిచింది. జారినవాడు ఎంత దూరం జారాడని కొలుస్తూ కూర్చుంటే ఆ రోజు ఆట ముగిసేదే కాదు.

అప్పటికే ఈ ఆట మనవైపు చేరింది. వచ్చిన దారి కూడా మనకు తెలిసిన దారే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ అనే వైఎంసీఏ మనిషి 1920లో మద్రాసులో వ్యాయామ విద్యకు ఒక కాలేజీ పెట్టాడు. ఈ దేశంలో పీఈటీ, పీడీ చదువులకు ఆనవాయితీ పడింది అక్కడే. అప్పట్లో వడమాలపేట ఉన్న చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగం. తిరుపతి నుంచి వడమాలపేట, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లే రోడ్డు తిన్నగా మద్రాసులోనే తేలేది. తెలుగు జిల్లాల నుంచి వెళ్లి అక్కడ తర్ఫీదు పొంది వచ్చినవాళ్లు విజిల్‌తో పాటు నియమాలనూ పట్టుకొచ్చారు. నైస్మిత్ బడికీ మన బడికీ మధ్య ఉన్నది ఒక్క మజిలీ! 1934లో ఢిల్లీలో పురుషుల జాతీయ పోటీలు మొదలయ్యాయి, 1950లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. నియమాలు చూసుకునే అంతర్జాతీయ సంస్థ ఫీబా 1932లోనే జెనీవాలో పుట్టింది. మన దేశంలో ఇప్పుడు ఆడేది ఆ ఫీబా పుస్తకం ప్రకారమే.

ఆ పుస్తకం నేల మీది ముడిని రెండు వాక్యాల్లో విప్పేసింది. బంతి పట్టుకుని పడినా, పడి జారినా, పడుకునో కూర్చునో ఉండగా బంతి చేజిక్కించుకున్నా తప్పు లేదు. ఆ తర్వాత బంతి పట్టుకుని పొర్లినా, లేవబోయినా తప్పు. పడ్డవాడు చెడ్డవాడు కాదని మన పెద్దలు అన్న మాట ఇక్కడ అక్షరాలా చెల్లుతుంది. పడటం, జారడం ఒంటి ఊపు చేసే పని, మూడో నియమం తోకలోని సడలింపే అది. పొర్లడం, లేవడం మాత్రం మనిషి తలచుకుని చేసేవి. పొర్లితే ఎదుటివాడి చేతికి అందకుండా పోతాడు, లేస్తే కొత్త చోట కొత్త కాళ్ల మీద నిలబడతాడు. రెంటికీ అడుగు అక్కర్లేదు, కానీ రెంటితోనూ అడుగు వేసినంత లాభం. పివట్ కాలు వెతకడం మానేసి, 'వీడు లాభపడ్డాడా' అని చూడటమే ఇందులోని ఉపాయం.

ఈమధ్య ఒక పీడీ సారు ఈ పాఠం చెబుతుంటే దగ్గరుండి చూశాను. సిమెంటు కోర్టు, సాయంత్రం ఎండ. పదమూడేళ్ల కుర్రాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి చేతికి బంతిచ్చాడు.

"రేయ్, ఇప్పుడేమన్నా తప్పుందా?"

"లేద్సార్."

"ఆ పక్కనోడికి పాస్ ఇయ్." ఇచ్చాడు. "ఇదీ సరే. మళ్లా తీసుకో. పడుకోనే బంతి కొట్టు." వాడు పక్కకు చెయ్యి చాపి నాలుగు దెబ్బలు కొట్టాడు. "కొట్టుకుంటానే లెయ్." తంటాలు పడి, ఒక మోకాలు, తర్వాత ఇంకోటి, బంతి దాదాపు జారిపోయి, మొత్తానికి లేచి నిలబడ్డాడు. అందరూ నవ్వారు. "ఇదీ సరే! ఇప్పుడు పడుకోని, బంతి పట్టుకోనే లెయ్." వీపు నేలను వదిలి ఒక కాలు మడిచి పైకి లేవబోయాడో లేదో విజిల్ మోగింది.

"సార్, పొర్లితే?" అంది వెనక నుంచి ఒక అమ్మాయి.

"పొర్లితే దొరికినట్టే."

"బంతి నా చేతికి రాకముందు పొర్లితే?"

సారు ఆగి ఆ అమ్మాయి వైపు మెచ్చుకోలుగా చూశాడు. రిఫరీల పాలిట అసలు పరీక్ష ఇదే మరి. బంతి అదుపులోకి వస్తేనే ఈ నియమం మొదలవుతుంది. వేళ్లకు తగిలి ఎగిరిపోతున్న బంతి వెనక ఎన్ని పొర్లింతలు పెట్టినా ట్రావెలింగ్ కాదు. ఒక చేతిలో గానీ రెండు చేతుల మధ్య గానీ అది నిలిచిన క్షణం నుంచే లెక్క. నలుగురు కలగాపులగంగా పడి ఉన్న కుప్పలో ఆ క్షణం ఏదో పట్టుకోవాలి. అదే క్షణంలో ఎదుటి జట్టువాడు కూడా బంతి గట్టిగా పట్టుకుని ఉంటే అది ట్రావెలింగ్ కాదు, హెల్డ్‌బాల్. వాడు పైనుంచి మీద పడి తొక్కితే ఫౌల్. కిందివాడు లేచాడా, పైవాడు లాగితే లేచినట్టు కనిపించాడా అన్నది ఇంకో చిక్కు. ఇన్నిటికీ దొరికేది ఒకటి రెండు సెకన్లు. అనుభవమున్న రిఫరీలు కుప్ప దగ్గరికి పరుగెత్తేటప్పుడు కళ్లు బంతి మీద పెట్టి, విజిల్ నోట్లోనే ఉంచి, ఊదడానికి మాత్రం అర క్షణం ఆగుతారు. ఆ ఆలస్యం చూసి చుట్టూ ఉన్నవాళ్లు కేకలు పెడతారు.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. పుట్టింట్లో ఈ నియమం ఇంకా ఒక్కటి కాలేదు. అక్కడి హైస్కూలు పుస్తకం ప్రకారం నిలబడి బంతి పట్టుకున్నవాడు మోకాలు నేలకు ఆనించినా తప్పే. కాలేజీ పుస్తకంలో పివట్ నిలుపుకోకుండా బంతితో కింద పడితే ట్రావెలింగ్. ఎన్‌బీఏ మాత్రం పడ్డవాడు జారి లాభం పొందకూడదు అంటుంది. మళ్లీ అదే హైస్కూలు పుస్తకం, దొర్లే బంతి కోసం దూకి పట్టుకున్నవాడు ఊపు కొద్దీ ఎంత దూరం జారినా పరవాలేదంటుంది, వెల్లకిలా ఉన్నవాడు లేచి కూర్చోవచ్చని కూడా ఒప్పుకుంటుంది. మరీ తెలివిమీరినవాడొకడు బంతిని పక్కన నేల మీద పెట్టి, లేచి నిలబడి, తర్వాత వంగి తీసుకుంటే? బంతి చేతిలో లేనప్పుడు లేచాను కదా అన్నది వాడి వాదన. బంతిని దొర్లించి తానే అందుకున్న తొలినాటి ఆటగాళ్లకు తగ్గ మనవడే! అమెరికా స్కూళ్ల పుస్తకం ఈ సందును కూడా మూసేసింది, అదీ ట్రావెలింగే.

కాబట్టి వేసవి సెలవులకు డల్లాస్ నుంచి మేనల్లుడొచ్చి, వడమాలపేట కుర్రాళ్లతో ఆడి, బంతి పట్టుకుని నిలబడినవాడు కాలు జారి పడగానే 'ట్రావెల్' అని అరిచాడంటే వాడి మాట వాడికి సరే. ఇక్కడివాళ్లు బంతి వదలకుండా "పడితే ఏమిలేదబ్బా, లేస్తే అడుగు" అన్నారంటే వాళ్ల మాటా సరే. మ్యాచ్ మొదలయ్యేముందే ఎవరి పుస్తకమో తేల్చుకుంటే గంట ఆట మిగులుతుంది.